వియత్నాం పంతులు కోసం మిర్యాలగూడ దాకా

బుర్రకథ ఒక్కడు చెప్పేది కాదు. నడుమ తంబుర పట్టిన కథకుడు ఉండాలి, అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ మాటందుకునే ఇద్దరు వంతలు ఉండాలి. నేను కథకుణ్ణి. సూర్యాపేట చుట్టుపక్కల నాకంటే బాగా చెప్పినవాడు లేడు, ఉంటే చూపించండి. వచ్చే ఆదివారం మా కాలనీ గ్రంథాలయంలో వియత్నాం పంతులు కథ చెప్పమని అడిగారు, చెబుతానని మాటిచ్చాను. నా వంతల్లో సత్యం కోదాడలో ఉంటాడు, నర్సయ్య మిర్యాలగూడలో ఉంటాడు. ఆ కథ ఏ కాగితం మీదా లేదు. ముగ్గురం నోటితో నేర్చుకున్నాం, ముగ్గురం కూడితేనే అది నిలబడుతుంది. ఫోన్ చేస్తే సత్యం సరేనన్నాడు. నర్సయ్య మాత్రం "నేను రాను" అని పెట్టేశాడు. వాణ్ణి ఒప్పించకపోతే ఆదివారం కథ లేదు, ఇక ఎప్పటికీ లేనట్టే. అందుకే బయలుదేరాను. ఒక్క రోజులో ఈ మూడు ఊళ్లూ చుట్టి రావాలనుకునేవారికి పనికొస్తుందని ఇది చెబుతున్నాను. నాకు రాత అంతగా రాదు, నేను చెబుతుంటే మనవరాలు టైపు చేసింది.

పొద్దున్నే సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను. విజయవాడ వైపు పోయే బస్సులన్నీ ఆ దారినే పోతాయి కాబట్టి ఎక్కువసేపు నిలబడే పని లేదు. టికెట్ వంద లోపే, ప్రయాణం గంట. బస్సు నిండా ఆడవాళ్లే. వాళ్లకు టికెట్ లేదు, సీట్లన్నీ వాళ్లవే. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. సంచిలోంచి తంబుర మెడ బయటికి కనిపించి కండక్టరమ్మ ఆగింది.

"ఏంది తాతా అది? వీణనా?"

"తంబుర. వియత్నాం కథ చెప్తందుకు."

"వియత్నామా? గదెక్కడుంటది, హుజూర్‌నగర్ అవతలనా?"

"అవతలే. జర దూరం."

బస్సంతా నవ్వింది. ఒకావిడ జరిగి చోటిచ్చింది. కూర్చున్నాక ఊరికే ఉండలేక కథంతా చెప్పాను. అది మనలాగే వరి పండించే దేశం. ఫ్రెంచి దొరలు ఏలుతున్నారు. పండినదాని మీద పన్ను, రోడ్డు వెయ్యడానికి వెట్టి, రబ్బరు తోటల్లో దెబ్బలు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయిన ఒక పిల్లవాడు కష్టపడి చదివి బడిపంతులయ్యాడు. పగలు పిల్లలకు అక్షరాలు నేర్పాడు, దీపాలు పెట్టాక కూలీలకు నేర్పాడు. దొరల కన్నుగప్పి సముద్రం దాటి వెళ్లి, ఎర్రజెండా సంగతులు చదువుకుని, మారుపేరుతో తిరిగొచ్చి పార్టీ కట్టాడు. ఆయన అసలు పేరు మా నాలుకకు తిరగలేదు, అందుకే కథలో పంతులనే పిలిచాం. చివరికి పట్టుబడ్డాడు. తోటివాళ్ల పేర్లు చెప్పమని చిత్రహింస పెట్టారు.

"చెప్పిండా మరి?" అని నా పక్కనున్న ముసలావిడ అడిగింది.

"చెప్పలే. జైలు దవాఖానలనే, ఊపిరితిత్తుల జబ్బుతోని పోయిండు. ముప్పై ఏండ్లు గూడ నిండలే."

"బంగారు కొండ," అని ఆవిడ కొంగుతో కళ్లద్దుకుంది. బస్సులో కూర్చుని చెప్పినా నా కథ అలాగే ఉంటుంది.

కోదాడ బస్టాండు వెనక సందులో సత్యం టిఫిన్ హోటల్ నడుపుతున్నాడు. పెనం మీద పెసరట్టు తిప్పుతూనే పలకరించాడు.

"ముందు అట్టు తినన్నా. విప్లవం సంగతి తర్వాత చూద్దాం."

అల్లం పచ్చడితో రెండు తిన్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లు తొమ్మిది లోపు వెళ్లండి, తర్వాత పిండి ఉండదు. నర్సయ్య మాటెత్తితే సత్యం గరిటె పక్కన పెట్టాడు.

"వాడితో మొదట్నుంచీ ఫ్రెంచి దొర వేషం వేయించావు గదా. వాడు పనిచేసే బియ్యం మిల్లులో హమాలీలంతా వాణ్ణి దొరా అనే పిలుస్తారంట. 'దొరగారూ, బస్తా ఎత్తండి' అని ఎగతాళి. నీకెవరూ చెప్పలా?"

"నవ్వించేవాడు వాడేగదా. దొర వేషం వాడే వెయ్యాలె."

"ఆ ముక్క వాడికే చెబుదువుగాని, పద," అని సత్యం హోటల్ మూసి, గుమ్మెట సంచిలో వేసుకుని నాతో బయలుదేరాడు.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా రెండు గంటలు పట్టింది. దారి పొడవునా సాగర్ కాలువ నీళ్లతో పచ్చటి పొలాలు, వడ్ల లారీలు. దిగి ఆటో మాట్లాడితే డ్రైవర్ "ఏ మిల్లు తాతా? గీడ మిల్లులకేం తక్కువ లేదు," అన్నాడు. మనిషికి ఇరవై తీసుకుని గేటు దగ్గరే దింపాడు.

నర్సయ్య ఇప్పుడు బస్తాలు మొయ్యడం లేదు, గేటు పక్క రేకుల షెడ్డులో కావలి కూర్చుంటున్నాడు. ఏళ్ల తరబడి ఊక దుమ్ము పీల్చినందుకు నాలుగు మాటలకోసారి దగ్గుతున్నాడు. లోపల మరల హోరు. ఏం మాట్లాడినా అరవాల్సి వచ్చింది.

"రానని చెప్పిన గదా బావా!"

"నువ్వు లేకుంటే కథ లేదురా నర్సిగా!"

అప్పుడే భోజనం వేళయి మరలు ఆగాయి. వాడి గొంతు తగ్గింది.

"ఇన్నేండ్లు నువ్వు పంతులువి, నేను దొరను. నువ్వు సస్తే జనం ఏడ్సిన్రు. నేను నోరు దెరిస్తే చెప్పులు సూపెట్టిన్రు. మా నాయిన ఊరి దొర గడిల వెట్టి జేసి సచ్చిండు. గాయన కొడుకును, నేను దొరనా? ఈసారి పంతులు నేను. ఒప్పుకుంటే వస్త, లేకుంటే అన్నం తిని పోన్రి."

నాకు ఒళ్లు మండింది. పంతులు వేషం నాది. ఆఖరి ఘట్టంలో నేను కాలు నేలకు కొట్టి గొంతెత్తితే మైకు లేకుండా ఊరి చివరిదాకా వినిపించేది. ఈ దగ్గుతో వీడేం చెబుతాడు?

"వింటే పోయేదేముందన్నా?" అన్నాడు సత్యం గుమ్మెట తీస్తూ.

"చెప్పు సూద్దాం. బాగలేకుంటే మళ్ల నేనే," అన్నాను.

హమాలీలు టిఫిన్ డబ్బాలు పట్టుకుని చుట్టూ చేరారు. నర్సయ్య లేవలేదు. కూర్చున్న కుర్చీనే దవాఖాన మంచం చేసుకున్నాడు. గొంతెత్తలేదు. దగ్గొస్తే ఆపుకోలేదు, అది పంతులు దగ్గే అయింది. తోటి ఖైదీలతో అన్నట్టు మెల్లగా అన్నాడు:

"నా కోసం ఏడ్వకున్రి. పక్క మంచమాయనకు దూపయితున్నది. గాయనకు జరన్ని నీళ్లు వొయ్యున్రి."

ఆ మాట మా కథలో ఎన్నడూ లేదు. వాడే కల్పించాడు. నీళ్ల సీసా ఎత్తిన ఒక హమాలీ తాగకుండా అలాగే నిలబడ్డాడు. సత్యం గుమ్మెట మీద చెయ్యి వెయ్యడం మరిచిపోయాడు. నేను మాత్రం ఏడవలేదు, ముక్కు చీదానంతే.

"ఇగ నువ్వు రా దొరా," అన్నాడు నర్సయ్య నా వైపు చూసి.

తువ్వాలు టోపీలా నెత్తికి చుట్టి, పొట్ట ముందుకు పెట్టి, షెడ్డు ముందు అటూ ఇటూ నడిచాను. హమాలీలు పడీపడీ నవ్వారు. ఒకడు నిజంగానే చెప్పు చూపించాడు. నా కథకు జనం ఏడవడం తెలుసు, చప్పట్లు తెలుసు. నన్ను చూసి నవ్వడం ఇదే మొదలు. బాగుంది. నవ్వించడంలో కూడా నేనే మేలని చెబితే నర్సయ్య ఒప్పుకోలేదు.

సాయంత్రం మిర్యాలగూడ నుంచి నేరుగా సూర్యాపేట బస్సెక్కి, చీకటి పడేలోపు ఇల్లు చేరాను. కిటికీ పక్క సీటు దొరికింది. దారిలో ఆ నీళ్ల మాటే మళ్లీ మళ్లీ చెవిలో పడింది. ఇన్నేళ్లూ నేను పంతుల్ని గట్టిగా అరిపించి చంపాను. దవాఖాన మంచం మీద ఊపిరాడని మనిషి అరవలేడని నాకు తట్టలేదు, నర్సయ్యకు తట్టింది. ఆదివారం పంతులు వాడే, దొర నేను. తంబుర మాత్రం నా భుజం మీదే ఉంటుంది, అది ఎవరికీ ఇవ్వను. మీరెవరైనా మిర్యాలగూడ మిల్లులో మనిషిని కలవాలనుకుంటే భోజనం వేళకు వెళ్లండి. మరలు ఆగినప్పుడే అక్కడ చిన్న గొంతు వినపడుతుంది.