పెద్దనాయన ఆడగుర్రానికి నేనిచ్చిన సర్టిఫికెట్

1957లో తాండూరు పశువుల దవాఖానకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వచ్చాను. మా తాత కాలంలో ఆ చుట్టుపక్కల ఊళ్లు మావి. జాగీర్లు రద్దయ్యాక మిగిలినవి ధారూరు దగ్గర కోటలాంటి మా గడీ, అందులో మా పెద్దనాయన, ఆయన లాయంలో ఒక ఆడగుర్రం.

ఆ గుర్రాన్ని గొల్ల ఎల్లయ్య కొనదలచాడు. పిల్లలు తీసి టాంగాలవాళ్లకు అమ్మాలని అతని ఆలోచన. అందుకోసం గొర్ల మందనంతా అమ్మేస్తున్నాడు. గుర్రం చూలుకు పనికొస్తుందని నా సర్టిఫికెట్ కావాలన్నాడు.

ఇలాంటి పరీక్షలో ముందు పాత ఈతల సంగతి అడగాలి. తర్వాత తోకకు గుడ్డ చుట్టి, భుజందాకా సబ్బు రాసుకుని, మలద్వారం గుండా చెయ్యి పోనిచ్చి అండాశయాలనూ గర్భసంచినీ తడమాలి. యోనిలో గొట్టం పెట్టి గర్భసంచి మూతిని కంటితో చూడాలి.

కాంపౌండర్ వేడినీళ్లు తెచ్చాడు. నేను చొక్కా చేయి మడుస్తుంటే పెద్దనాయన కుర్చీలోంచి లేచాడు.

"ఏందిరా, మనింటి మాట మీద గీనికి నమ్మకం లేదు. నీకు గూడ లేదా? మూడు ఈతలు ఈనింది. సాలదా?"

"తప్పనుకోకున్రి దొరా," అన్నాడు ఎల్లయ్య. "మేము గొర్రెను కొన్నా పొదుగు పట్టి చూస్తం. జర చెయ్యి పెట్టి చూడున్రి డాక్టర్ సాబ్."

"గొర్రె, గుర్రం ఒకటేనారా నీకు?" అని పెద్దనాయన నవ్వాడు. నేనూ నవ్వి చొక్కా చేయి దించుకున్నాను. గొర్ల కాపరి అడిగాడని మా ఇంటి మాటను పరీక్షించడం నామోషీ అనిపించింది. పరీక్షించినట్టే రాసి సంతకం చేశాను.

మరుసటి ఏడు ఎదకొచ్చిన ప్రతిసారీ ఎల్లయ్య దాన్ని వికారాబాదు నడిపించుకుపోయి మగగుర్రంతో దాటించాడు. చూలు నిలవలేదు. నా దగ్గరికి తెచ్చాడు. అప్పుడు పరీక్షించాను. గర్భసంచి మూతి ఎప్పుడో చీలి, మచ్చకట్టి బిగుసుకుపోయి ఉంది.

నిలదీస్తే పెద్దనాయన చెప్పాడు. నాలుగోసారి పిల్ల అడ్డం తిరిగి కడుపులోనే చస్తే దాన్ని లోపలే ముక్కలుగా కోసి తీశారు. తమ లాయంలో గుర్రం గొడ్డుపోయిందని నలుగురికీ తెలిస్తే పరువు తక్కువని దాచారు. "మూడు ఈతలన్నది నిజమే గదరా?" అన్నాడు. వాపసు తీసుకొమ్మంటే, "అమ్మిన గుర్రం మళ్ల మా లాయం తొక్కదు" అన్నాడు.

ఎల్లయ్య నన్ను తిట్టలేదు. "మీకేంది దొరా, గడియసేపు చెయ్యి ఖరాబైతుండె. నా మందే పాయె" అన్నాడు. తర్వాత పరిగి వైపు పరాయివాళ్ల గొర్లు కాశాడు.

ఆనాటి నుంచి సర్టిఫికెట్‌లో అమ్మేవాడు చెప్పింది వేరుగా, నా చేతికి తెలిసింది వేరుగా రాశాను. పెద్దనాయన దాచాడని చాలాకాలం తప్పు ఆయన మీదికి నెట్టాను. ఆయన దాచింది, ఆ రోజు చెయ్యి పెట్టి ఉంటే నాకు దొరికేదే.