ఆనపబుర్రలో హార్డ్ డిస్క్

మొన్న ఆదివారం మా అబ్బాయి తన పాత కంప్యూటర్‌ని హాలు మధ్యలో విప్పి కూర్చున్నాడు. కొత్త ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయట, అందుకని ర్యామ్ పెంచి, పాత డిస్కు తీసేసి, గ్రాఫిక్స్ కార్డు మారుస్తాడట. వాడు స్క్రూలు విప్పుతున్నంతసేపూ పాత డిస్కు ఎక్కడ పెట్టావు, అందులో ఉన్నవి ఎక్కించుకున్నావా అని వంటింట్లోంచి పదిసార్లు అడిగి ఉంటాను. అన్నీ నెట్‌లో భద్రంగా ఉన్నాయి, నన్ను వదిలెయ్ అని వాడు విసుక్కున్నాడు. ఈ కంగారు నాకు ఇరవై ఏళ్ళ నాటిదని వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికంతటికీ ఒకే కంప్యూటర్ ఉన్న కాలం చూసిన మీకైతే చెప్పుకోవచ్చు.

రెండువేల మూడో, నాలుగో. అరకు దగ్గర కొండ ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న బడిపంతులు, మావాళ్ళలో ఆ ఉద్యోగం చేసిన మొదటి మనిషి. నేను డిగ్రీ అయ్యాక ఒక మిషను బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరాను; ఆ చుట్టుపక్కల నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని కాస్త పొగరు కూడా ఉండేది. విశాఖపట్నంలో ఒక ఆటల సెంటరు మూసేస్తుంటే నాన్న అక్కడి కంప్యూటర్‌ని చవగ్గా కొని పాసింజరు బండిలో తెచ్చారు. ఆయనకు దానితో ఒకటే పని. మా కొండ భాషకి వాడుకలో లిపి లేదు, ముసలివాళ్ళు పాడే పాటల్ని తెలుగు అక్షరాల్లో రాసిపెట్టాలని ఆయన పట్టుదల. మొదట నోటు పుస్తకాల్లో రాస్తే చెదలు తిన్నాయి, ఫ్లాపీల్లో ఎక్కిస్తే మా చెమ్మకి బూజు పట్టాయి, ఇక ఆ కంప్యూటర్ లోపలి డిస్కునే నమ్ముకున్నారు. సెలవు రోజుల్లో కొండలెక్కి పాటలు విని వచ్చి, రెండు వేళ్ళతో టైపు చేస్తూ, ఒక్కో వరుసా పైకి చదువుకునేవారు.

నాకు మాత్రం ఆ కంప్యూటర్‌లో కనిపించింది కార్ల పందెం ఆట ఒక్కటే. కొత్త ఆట సీడీ ఒకటి దొరికింది గానీ, పాత యంత్రం మీద అది నత్తనడక నడిచేది. వానాకాలంలో నాన్న పది రోజుల శిక్షణకి విశాఖ వెళ్ళారు. అదను చూసుకుని, నా జీతంతో తెప్పించుకున్న ర్యామూ, గ్రాఫిక్స్ కార్డూ, పెద్ద హార్డ్ డిస్కూ బిగించాను. అన్నీ కలిపి స్విచ్చి వేస్తే లేస్తూనే ఆరిపోయేది, ఎందుకంటే దాని పవర్ సప్లై చిన్నది, ఇన్నింటిని మోయలేదు. పెద్దది తెప్పించేదాకా అనుకుని పాత డిస్కు ఊడదీశాను. పాటలు తర్వాత ఎక్కించుకోవచ్చులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

బల్ల మీద పెడదామంటే పైన కప్పు కారుతోంది. డిస్కు నాయనమ్మ చేతికిచ్చి, నాన్న పాటలన్నీ ఇందులోనే ఉన్నాయి, చెమ్మ తగలకుండా దాచు అన్నాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, ఏమీ వినపడక తలూపి లోపలికి తీసుకెళ్ళింది. నేను ఆటలో పడ్డాను. మీరు నమ్మరు, ఎనిమిది రోజులు బడీ పందెమూ తప్ప నాకు ఇంకేమీ తెలియదు.

నాన్న వచ్చే రోజు పొద్దున్న మెలకువ రాగానే పాటలు గుర్తొచ్చాయి. డిస్కు ఏదని నాయనమ్మని అడిగాను.

"ఎత్తనాలు దాసిన కాడే దాసినాను. అంతకన్నా బద్రమైన సోటు ఈ ఇంట్లో ఏటుందే?"

మా ఇళ్ళలో వచ్చే ఏటి చోడి విత్తనాలని, అంటే రాగుల్ని, బూడిదలో కలిపి, ఎండిన ఆనపబుర్రలో పోసి, పొయ్యి పైన వేలాడదీస్తారు. ఆ పొగకి పురుగు రాదు, ఆ వేడికి చెమ్మ చేరదు. నాయనమ్మ తన దగ్గరున్న వాటిలో పెద్ద బుర్ర చూసి, డిస్కు పట్టేలా నోరు కోసి, బూడిదలో పాతిపెట్టి, ఎనిమిది రోజులుగా దాని కింద మూడు పూటలా వంట చేస్తోంది. బయటికి తీస్తే చెయ్యి చురుక్కుమంది. సందుసందుకీ బూడిదే. ఆమె మీద అరవబోయి ఆగిపోయాను, విత్తనానికి చేసిన మర్యాదే దానికీ చేసింది పాపం.

పళ్ళ బ్రష్షుతో బూడిద దులిపి, కొత్త కార్డు పీకేసి, పాత డిస్కు తగిలించాను. టిక్కు టిక్కుమంది తప్ప లేవలేదు. రెండోసారీ అంతే. మూడోసారి పాటల పేర్లు తెర మీదకి వచ్చాయి గానీ, ఒక్కో ఫైలు దగ్గరా ఆగి మూలుగుతోంది. బయట వాన, బల్బు మినుకుమినుకుమంటోంది. దారిలో టైడా దాటాక పట్టాల మీద రాళ్ళు పడి నాన్న వచ్చే బండి ఆగిందని స్టేషను నుంచి వచ్చినవాళ్ళు చెబితే, సిగ్గు లేకుండా సంతోషించాను. డిస్కు ఎంతోసేపు బతకదు, ముందు ఏవి తీయాలో తెలియడం లేదు. పేర్లు పైకి చదువుతుంటే నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నాకొచ్చినయి ఒగ్గీయే గుంటా. నాకు రానియి బేగి తియ్యి."

అలాగే చేశాను. నేను పేరు చదవడం, ఆమె తీయమనో వద్దనో చెప్పడం. అవతలి కొండ ఊళ్ళవి, పాడినవాళ్ళు పోయినవి ఒక్కొక్కటే కొత్త డిస్కులోకి చేరాయి. ఆమెకి వచ్చిన పాటల దగ్గరికి వచ్చేసరికి డిస్కు ఒక్కసారి గట్టిగా కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. తడిసిన గొడుగుతో నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నారు, ఎప్పుడు వచ్చారో తెలియదు.

"ఏటి మిగిలిందో ముందు సెప్పు" అన్నారు.

చెప్పాను. గొడుగు మూలన పెట్టి, మీ నాయనమ్మ ఉంది కదా, ఆమె పాడుతుంది, నువ్వు రాయి అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

రాశాను, ఒక వారం. అంతలో పెద్ద పవర్ సప్లై వచ్చింది, పీకేసిన కార్డు మళ్ళీ బిగించాను, ఆట ఇంకా బాగా నడిచింది. సాయంత్రం వంట ముగించుకుని నాయనమ్మ గడప మీద కూర్చుని, "ఇయాల పాడమంటావేటే?" అని అడిగేది. ఈ ఒక్క పందెం అయ్యాక అనేదాన్ని. కొన్నాళ్ళు రోజూ అడిగింది. తర్వాత అడగడం మానేసి ఊరికే కూర్చునేది. ఆమె ఆ చలికాలం దాటలేదు.

రిటైరయ్యాక నాన్న ఆ పాటల్ని చిన్న పుస్తకంగా వేయించారు. అందులో నాయనమ్మవి నాలుగే. ఇప్పుడు మా ఊళ్ళోనూ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఎవరు గొంతు సవరించుకున్నా నిమిషంలో పట్టి దాచేస్తున్నారు, చూస్తే సంతోషంగానూ ఉంటుంది, అసూయగానూ ఉంటుంది. ఆ పందెంలో ఏ మలుపు దగ్గర వేగం తగ్గించాలో నా వేళ్ళకి ఇప్పటికీ తెలుసు. ఆమె గడప మీద కూర్చుని, నన్ను అడగడం మానేశాక, తనలో తాను ఏదో కూనిరాగం తీసేది. అదేమిటో నేను తల తిప్పి వినలేదు.