టీచరమ్మ అడిగిన ప్రార్థన

మొన్న ఉదయం చిట్టమూరు నుంచి టీచరమ్మ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందక్కా" అంది. "సమాధి దగ్గర ప్రార్థన నువ్వే చెయ్యాలంట. నీ భాషలోనే అని మరీ మరీ చెప్పి పోయింది."

నాకు ఏడుపు రాలేదు. ముత్తుకూరు ఆసుపత్రిలో డ్యూటీకి సెలవు చెప్పి బస్సెక్కాను గానీ, గూడూరు వచ్చేదాకా కుదురుగా కూర్చోలేకపోయాను. నా భాష నాకు రాదు. ఆ సంగతి టీచరమ్మ దగ్గర ఇన్నేళ్లూ దాచాను.

మాది ఒడిశా. అమ్మానాన్నలతో చిట్టమూరు ఇటుకబట్టీ పనికి వచ్చినప్పుడు నాకు ఏడేళ్లు. వానలకు ముందు బట్టీ ఆపేసి కూలీలంతా ఊళ్లకు వెళ్లిపోతారు. సరిగ్గా అప్పుడే బడి తెరుస్తారు. "చదివే పిల్ల. ఈ యేడు నా కాడ వదిలిపెట్టి పోండి" అని బడి టీచరమ్మ బట్టీ మేస్త్రీ చేత అడిగించింది. మా అమ్మ ఒప్పుకుంది. మరుసటి ఏడు మేస్త్రీ వాళ్లను వేరే జిల్లా బట్టీకి తీసుకుపోయాడు. నేను టీచరమ్మ ఇంట్లోనే ఉండిపోయాను.

ఆమెకు వంట రాదు. అన్నం ఉడికేలోపు వంటింటి బండ మీద సుద్దముక్కతో నాకు లెక్కలు చెప్పేది. అన్నం మాడేది. సాయంత్రం ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుని తలా ఒక ప్రార్థన చేయాలి. "నువ్వు మీ అమ్మ మాటల్లోనే చెయ్ మే. దేవుడికి అన్ని మాటలూ తెలుసు" అనేది. మొదట్లో నిజంగానే చేశాను. తర్వాత మాటలు ఒక్కొక్కటీ జారిపోయాయి. నవ్వకండి, నోటికొచ్చిన శబ్దాలేవో గొణిగేదాన్ని. అందరికంటే ముందు టీచరమ్మే "ఆమెన్" అనేది.

మూడో ఏడు అమ్మ నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. యూనిఫాంలో తలుపు వెనక నిలబడి "నేను రాను" అన్నాను, తెలుగులో. అమ్మకు తెలుగు రాదు. అయినా అర్థమైంది. తెచ్చిన మరమరాల మూట గడప మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ వానాకాలమే జ్వరంతో పోయిందని నాన్న కబురు పంపాడు.

ఆ తర్వాత నాకు జడ వేస్తూ టీచరమ్మ ఎన్నోసార్లు అడిగింది. "నిన్ను పెంచుకున్నానా, మీ అమ్మ కాడ్నించి లాక్కున్నానా?"

"జడ బిగుసుకుపోయింది టీచరమ్మా" అనేదాన్ని. పొద్దున లేవగానే ఆమె మీద కోపం వచ్చేది. అన్నం ముందు కూర్చునేసరికి ప్రేమ. ఏది చెప్పినా అబద్ధమే అనిపించేది.

సమాధి దగ్గర పాస్టరు గారు నావైపు చూశారు. కళ్లు మూసుకున్నాను. పాత శబ్దాలే గొణుగుదామంటే నోరు పెగల్లేదు. ఇటుకల వరసల మధ్య ఆడుకుంటున్న నన్ను అమ్మ పిలిచే పిలుపొక్కటే గొంతులోకి వచ్చింది.

"ఆ, ఖాయిబు ఆ."

రా, తిందువు రా. నాకు మిగిలిన భాష అంతే. రెండుసార్లు అన్నాను. అందరూ "ఆమెన్" అన్నారు.

"ఏమని చేసినావక్కా?" అంది టీచరమ్మ కూతురు మెల్లగా.

"అన్నానికి పిలిచాను."

ఒక్కొక్కరూ మన్ను వేసి పక్కకు తప్పుకున్నారు. నా గుప్పెడు మాత్రం చాలాసేపు నా చేతిలోనే ఉండిపోయింది.