పసుపు రాసిన వేలు

నాకు కోపం ఎక్కువ, దానికంటే మొండితనం ఎక్కువ. ఆ వారం మాత్రం ఆ రెండిటినీ మించి భయం పట్టుకుంది. సింగపూర్‌లో డాల్ఫిన్లను ఉంచే ఒక చోట చేపల గదిలో పనిచేసేదాన్ని. ఆరు నెలల ప్రొబేషన్ ముగియడానికి ఇంకో వారం ఉంది.

గడ్డకట్టిన చేపలు కరిగాక ఒక్కొక్కటీ చూసి బకెట్లలో సర్దడం, డాల్ఫిన్లకు వెయ్యడం నా పని. గ్లవ్స్ తియ్యకూడదు. చేతికి చిన్న గీత పడినా చెప్పాలి. చెబితే అది మానేదాకా చేపలు ముట్టనివ్వరు. సోమవారం ఒక పెట్టెలోని కానాగంత చేపలు ఎందుకో నాకు నచ్చలేదు. కాకినాడ మార్కెట్లో మా అమ్మ మొప్ప ఎత్తి చూడకుండా చేప కొన్నది లేదు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? గ్లవ్ తీసి వేలితో మొప్ప ఎత్తాను. ఎర్రగానే ఉంది, కానీ ముల్లు కసుక్కున దిగింది. ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్లి పసుపు పెట్టుకున్నాను.

బుధవారానికి వేలు ఉబ్బి ఊదారంగుకు తిరిగింది. బిషాన్‌లో మా ఫ్లాట్లో అన్నం కలుపుకోలేక స్పూను తీసుకుంటే మా ఆయన చూశారు.

"ఏంటే అది? రేపు లీవ్ పెట్టు, క్లినిక్కి ఎల్దాం."

"మీకెందుకండీ? కన్ఫర్మేషన్ అయ్యేదాకా నోరెత్తకండి."

ఇంకాస్త పసుపు మెత్తాను.

గురువారం పొద్దున, నా అడుగుల చప్పుడుకే కొలను గట్టు దగ్గరికి వచ్చే ఆడ డాల్ఫిన్ రాలేదు. వేసిన చేప దాని మూతికి తగిలి కిందికి మునిగిపోయింది. వీపు మీద బూడిదరంగు మచ్చలు. డాల్ఫిన్లను చూసే పశువుల డాక్టరమ్మ చర్మం గీకి, రక్తం తీసి ల్యాబ్‌కి పంపింది. హాని లేని మచ్చలూ ఉంటాయట, ప్రాణం తీసేవీ ఉంటాయట. ఇవి ఏవో ఆమెకే తేలడం లేదు.

మధ్యాహ్నం చేపల గదికి వచ్చి అందరి చేతులూ చాపమంది. చేపల నుంచి వచ్చే ఒక క్రిమి మనుషుల వేళ్లకూ అంటుకుంటుందట.

"చేపముల్లు ఎవరికైనా గుచ్చుకుందా?"

నా పచ్చటి వేలి దగ్గర ఆగింది. "ఎప్పుడో ఇంట్లో వంకాయలు కోస్తుంటే తెగింది, మానిపోయింది. మాకు పసుపు రాసుకోవడం అలవాటు," అన్నాను. పసుపు కింది రంగు ఆమెకు కనబడలేదు. నమ్మి వెళ్లిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

గట్టు మీదికి వెళ్లాను. ఆ డాల్ఫిన్ నీటిపైన కదలకుండా ఉంది. ఊపిరి మాత్రం బుస్సు బుస్సుమని తొందరగా తీస్తోంది. ఇది చచ్చిపోతే కన్ఫర్మేషన్ కాగితం ఏం చేసుకుంటాను? కుళాయి కింద సబ్బుతో వేలు రుద్దాను. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పసుపు వదిలి ఊదారంగు బయటపడగానే పరుగెత్తాను.

డాక్టరమ్మ నా వేలు పట్టుకుని చూసింది. "ఏ రోజు?"

నిన్న అనబోయాను. నిన్న అంటే నా తప్పు చిన్నదవుతుంది. కానీ నిన్నటి పెట్టె పారేసి సోమవారం నాటిది ఉంచేస్తారు.

"సోమవారం. ఆ పెట్టెలో మిగిలిన సగం ఇవాళే కరిగించాం."

ఆమె వెంటనే చేపల గదికి మనిషిని పరుగెత్తించింది. ఆ చేపలు అప్పటికే మిగతా డాల్ఫిన్ల బకెట్లలో ఉన్నాయి, వెయ్యకముందే పారబోశారు. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా జబ్బు డాల్ఫిన్‌కి ఇంజెక్షన్ ఇచ్చింది.

మర్నాటికి ఆ మచ్చలు పేకముక్క మీది డైమన్ ఆకారంలో తేలాయి. ఆ క్రిమి గుర్తు అదేనట. నాకూ అదే జాతి మందు రాశారు.

కన్ఫర్మేషన్ రాలేదు. చివరి రోజున సందర్శకుల మధ్య, అద్దానికి ఇవతల నిలబడి చూశాను. గ్లవ్స్ వేసుకున్న వేరే ఎవరివో చేతులు చేప అందించాయి. నా డాల్ఫిన్ తిన్నది. తర్వాత గట్టు పొడుగునా ఈదుకుంటూ పోయి, నేను రోజూ నిలబడే మూల దగ్గర కాసేపు ఆగింది. అక్కడ ఎవరూ లేరు. సోమవారమే చెప్పి ఉంటే, నన్ను నాలుగు రోజులు చేపలు ముట్టనిచ్చేవారు కాదు, అంతే.