నోరు మూయని కుక్క

పెంపుడు జంతువుల వైద్యం నేర్పే నాకు కోపం ఎక్కువని నా విద్యార్థులందరికీ తెలుసు. థర్మామీటరు పెట్టకముందే మందు పేరు చెప్పినవాళ్లను ఊరికే వదలను. ఏటా ఫైనలియర్ వాళ్లను అరకు దగ్గరి కొండ ఊళ్లకు తీసుకెళతాను. స్కానింగూ రక్తపరీక్షా లేని చోట కూడా జబ్బు కనిపెట్టడం వాళ్లకు రావాలని నా పంతం.

కిందటేడు ఒక ఊళ్లో మేం జీపు దిగేసరికి నలుగురు మగవాళ్లు కర్రలు పట్టుకుని ఒక ఇంటి ముందు నిలబడి ఉన్నారు. ఇంటామె, ముసలిది, కుక్కను గుంజకు కట్టేసి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కుక్క నోరు తెరుచుకునే ఉంది, చొంగ కారుతోంది. పిచ్చెక్కిందని, చంపెయ్యాలని వాళ్ల మాట. అడవిపందుల నుంచి ఆమె చోడిచేనును, అంటే రాగిపైరును, కాసేది ఆ ఒక్క కుక్కే.

నాకూ రేబిస్ అనే అనిపించింది. ఎవరూ దగ్గరికి వెళ్లొద్దని కేకేశాను. అంతలో దాని దవడ మీద పచ్చి వాత కనిపించింది. ఒళ్లు మండిపోయింది.

"కాల్చడానికి చేతులెలా వచ్చాయమ్మా? బుద్ధుందా నీకు?" అని అందరి ముందూ దులిపేశాను.

ఆ తర్వాత ఎప్పటినుంచి ఇలా ఉందో, ఏం తిన్నదో, ఎవరినైనా కరిచిందో అడిగాను. ఆమె నేల చూస్తూ కూర్చుంది. ఒక్కదానికీ బదులు లేదు. మొండి మనిషి అనుకుని, నొప్పి లేకుండా చంపే ఇంజెక్షన్ సిద్ధం చెయ్యమన్నాను.

సాలూరు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని కదల్లేదు. "ఒక్క పావుగంట ఇవ్వండి మేడమ్" అని ముసలామె పక్కన నేల మీద కూర్చుంది. ముందు చేను ఎలా ఉందని అడిగింది. పందులు ఎటునుంచి వస్తాయని అడిగింది. చివరికి, "వాత ఎందుకెట్టినావు పెద్దమ్మా?" అంది మెల్లగా.

"నోరు ముయ్యనేక గింజుకుంతంటే సూడనేకపోనాను. మాయమ్మ ఇలాగే ఎట్టీది" అంది ముసలామె. "మొన్న పంది బొమిక కొరుకుతా ఉన్నపళంగా కుయ్యోమంది. అప్పుడ్నించి కాలితో మూతి గీరుకుంతంది. ఎవుల్నీ కరవనేదు."

అంతమాత్రాన రేబిస్ కాదని తేలిపోదు. కానీ ఇక నోటిలోపల చూడకుండా చంపడం మాత్రం కుదరదు. మేమంతా ముందే టీకాలు వేయించుకున్నవాళ్లం. దూరం నుంచే ఉచ్చుకర్రతో పట్టి, మత్తు ఇచ్చి, మందపాటి గ్లవ్స్ తొడుక్కుని నోరు పూర్తిగా తెరిచాను. అంగిలికి అడ్డంగా, రెండు వైపుల పళ్ల మధ్య ఎముక ముక్క బిగుసుకుపోయి ఉంది. ఫోర్సెప్స్ ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. రెండుసార్లు గుంజేసరికి ఊడొచ్చింది.

పదిరోజులు కట్టేసి కనిపెట్టి ఉండమని చెప్పాం. కర్రలవాళ్లు ఎముకను చూసి ఇళ్లకు పోయారు. కుక్క మత్తులోనే నోరు మూసింది.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను, ఈసారి నేనూ కింద కూర్చుని.

"వచ్చీరాగానే తిట్టినావు కదా డాట్రమ్మా. నానింకేటి సెప్తాను?" అంది.

ఈ ఏడు కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసులో ఈ కేసే చెప్పాను. వచ్చే నెల అదే ఊరికి వెళుతున్నామనీ, యజమాని పక్కన కూర్చోకుండా ఎవరూ సిరంజి తియ్యకూడదనీ చెప్పాను. కుక్కను చంపమన్న ఆ డాక్టరెవరని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు.

నేనేనని చెప్పాను.