చెప్పకుండా ఉండిపోయిన మాట

మా నాన్న చర్చి బడిలో టీచరు. ఒకసారి బదిలీ కోసం సంచీలో ఎండు మిరపకాయలు పట్టుకుని ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్లాడు. మధ్యాహ్నం దాకా అరుగు కింద నిలబెట్టి, లోపలికి పిలవకుండానే పంపేశారు. ఇక ఎవరి గుమ్మమూ ఎక్కనన్నాడు. ఎక్కలేదు కూడా.

నేనూ ఆయన కూతుర్నే. గుంటూరులో మిర్చి నాణ్యత పరీక్షించే ల్యాబులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మీటింగుల్లో ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకునేవాళ్లని చూస్తే ఒళ్లు మండేది. పని రానివాళ్లే పరిచయాలు వెతుక్కుంటారని నమ్మేదాన్ని.

ఒకమ్మాయి మా దగ్గర ఏడాది పాటు పని నేర్చుకుంది. వాళ్లమ్మ పత్తి తీతకు వెళ్లేది. ఆ పిల్ల తీసిన రీడింగు ఎప్పుడూ తప్పేది కాదు. శిక్షణ ముగిసే వారం నా దగ్గరకొచ్చి, ఒంగోలులో ల్యాబు నడిపే నా స్నేహితురాలికి తన గురించి ఒక మాట చెప్పమంది.

“సిఫార్సులు నాకు గిట్టవమ్మా. నీ పనే నీ గురించి చెప్పాలి,” అన్నాను.

“నా పని చూసింది మీరొక్కరే కదండీ,” అంది మెల్లగా.

రిజిస్టరు తిరగేస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల వెళ్లాక, ఏదో నీతి నిలబెట్టానని గర్వపడ్డాను కూడా.

మరుసటి ఏడు ఒక పెళ్లిలో ఆ స్నేహితురాలు కలిసింది. పని తెలిసిన మనిషి దొరకక ఆరు నెలలు అవస్థ పడిందట. జరిగింది చెప్పాను.

“ఒక్క ఫోన్ చేయాల్సింది కదే. అది సిఫార్సు ఎట్లా అవుద్ది? నాకు మేలు చేసినదానివయ్యేదానివి,” అంది.

విస్తట్లో అన్నం అలాగే వదిలేసి లేచాను.

ఆ వారంలోనే ఆ అమ్మాయి ఎక్కడుందో వాకబు చేసి వెళ్లాను. కోల్డ్ స్టోరేజీ పక్కన షెడ్డులో, మూతికి గుడ్డ కట్టుకుని, ఆడకూలీలతో కలిసి మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఒంగోలులో నేను మాట్లాడతానన్నాను.

“వద్దు మేడం. మీరే తప్పన్నాక ఇంకెవర్నీ అడగబుద్ధి కాలేదు,” అంది.

ఆ గొంతులో కోపమేమీ లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

అక్కడి నుంచే ఒంగోలుకు ఫోన్ చేశాను. ఆ ఉద్యోగంలో వేరేవాళ్లు చేరిపోయారు. తర్వాత ల్యాబులు నడిపే ఇంకో ఇద్దరికి చేశాను. రింగవుతుంటే పెట్టేద్దామనిపించేది. ఒకరు ఎత్తలేదు, ఇంకొకరు బయోడేటా పంపమన్నారు.

ఆ మాట ఆ అమ్మాయికి చెప్పి రెండు వారాలైంది. సరేనండీ అంది. ఇంకా పంపలేదు.