సూర్యం ఫిట్ అన్న కారు

మా పెదనాన్న అప్పలకొండ బిలాస్‌పూర్‌లో రైలింజను డ్రైవరు. ఆయన బతుకును కూల్చింది ఇంజను కాదు, కారు. నిజం చెప్పాలంటే కారు కూడా కాదు, మా పెద్దమ్మ మంగాయమ్మ స్వయానా తమ్ముడు సూర్యం. వాడి పేరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

విజయనగరం దగ్గర పల్లెలో తల్లి పోతే, పాలు మరవని వాణ్ణి పెద్దమ్మ చంకనేసుకుని తెచ్చి పెంచింది. పెద్దయ్యాక పెదనాన్న తన షెడ్డులోనే ఫిట్టరుగా పెట్టించాడు.

షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఇంజను బయటికి తీసే ముందు ఫిట్టరు కిందా మీదా చూసి, ముందరి ఇనుప బఫరు మీద అరచేత్తో చరిచి ‘ఫిట్’ అనేవాడు. ఆ మాట పడ్డాక డ్రైవరు మళ్ళీ వంగి చూశాడంటే ఫిట్టరు మొహాన ఉమ్మేసినంత అవమానం. సూర్యం చరిచిన చరుపును నమ్ముకునే పెదనాన్న కట్నీ లైను కొండల్లో, సొరంగంలో బండి నడిపాడు. ఏ రోజూ మోసం జరగలేదు, అదే కొంప ముంచింది.

రిటైరయ్యే ఏడు వచ్చింది. క్వార్టరు వదలాలి. పిల్లల్లేరు. ‘ఒకడి పంచన పడి తినను’ అన్నది ఆయన పంతం. ఊరి చివర తోర్వా పేటలో చిన్న ఇల్లు కొన్నాడు. మిగిలిన సొమ్ముతో కారు కొని, స్టేషను దగ్గర కిరాయికి తిప్పుకుంటూ బతుకుదామనుకున్నాడు.

అప్పుడే ఊళ్ళో రెండు పాత కార్లు అమ్మకానికి వచ్చాయి. సీమకు వెళ్ళిపోతున్న రైల్వే తెల్లదొరగారి ఇంగ్లీషు కారు ఒకటి, ఒక మాల్‌గుజారు, అంటే అక్కడి జమీందారు, తాలూకు ఫ్రెంచి కారు ఒకటి. ధరలు ఇంచుమించు సమానం. పెదనాన్న మరీ అమాయకుడేం కాదు. “కొన్న ధరతో ఏటుంది? పదేళ్ళల్ల రిపేర్లకి ఏది ఎంత తింటాదో అది సూడాల” అన్నాడు. ఇంగ్లీషు కారు నట్లకు షెడ్డు పానాలు పడతాయి, పాత నేస్తాలెవరైనా బాగుచేసి పెడతారు. ఫ్రెంచి దాని కొలతలే వేరు, సామాను బొంబాయి నుంచి రావాలి. ఇంతవరకూ తనే ఆలోచించాడు. అక్కడితో ఆగినా బాగుండేది! ఆగకుండా సూర్యాన్ని పిలిచాడు. వాడప్పటికి రైల్వే వదిలేసి తోర్వాలో మోటారు కార్ఖానా పెట్టుకున్నాడు.

“ఇంగ్లీషు బండి పైకే సోకు బావా. లోపల గేర్లపెట్టి పగిలిపోనాది, అతుకేసి మూసినారు. ఫ్రెంచిదాని ఇనుము సూడు, ఉక్కు! పదేళ్ళు మూత ఇప్పక్కర్లేదు” అంటూ సూర్యం దాని బానెట్టు మీద అరచేత్తో చరిచాడు. “ఫిట్!”

అంతే. పెదనాన్న ఇక వంగి చూడలేదు. పెద్దమ్మ చక్రాలకు పసుపు రాసి నిమ్మకాయలు పెట్టింది.

తొలి వానలకే కర్గీ రోడ్ స్టేషను దగ్గర ఇరుసు విరిగింది. ఎడ్లను కట్టి లాక్కొచ్చారు. ఆ తర్వాత గేర్లు, ఆ పైన స్ప్రింగు పట్టీలు. షెడ్డు పానాలు ఒక్క నట్టుకూ పట్టలేదు. బొంబాయి నుంచి తెప్పించిన ఆ సామాను ఊరు మొత్తమ్మీద సూర్యం దగ్గరే ఉండేది. “మనోళ్ళే గదా బావా, సామాను కరీదే తీసుకుంతన్నాను” అనేవాడు. రెండేళ్ళకు ఇల్లు అమ్ముడుపోయింది. అప్పటికీ పెదనాన్న తన రాతనే తిట్టుకున్నాడు తప్ప బావమరిదిని పల్లెత్తు మాటనలేదు.

ఒకనాడు పెద్దమ్మా నేనూ వెంట ఉండగా చెప్పాపెట్టకుండా కార్ఖానాకు వెళ్ళాడు. వెనక దొడ్లో దొరగారి ఇంగ్లీషు కారు నిగనిగలాడుతూ ఉంది. పెదనాన్న ఫ్రెంచి కారు కొన్న వారంలోనే సూర్యం దాన్ని కొనేసి, ఇన్నాళ్ళూ రాయపూర్‌లో కిరాయికి తిప్పుతున్నాడట. రంగు వేయించడానికి తెచ్చాడు.

“గేర్లపెట్టి పగిలిందన్నావు గదరా?” అన్నాడు పెదనాన్న.

సూర్యం కనీసం తల దించుకోలేదు. “ఇది నువ్వు కొనీసుంటే నాకేటి మిగుల్తాది బావా? మీ షెడ్డోళ్ళే బాగుసేసీద్దురు. నాకూ పెళ్ళాం పిల్లలున్నారు, అచ్ఛా?”

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా! పెదనాన్న వాణ్ణి కొడతాడనుకున్నాను. కొట్టాలని మొక్కుకున్నాను కూడా. ఆయన చెయ్యి లేవలేదు.

రిపేరు బాకీ కింద ఫ్రెంచి కారు సూర్యమే పట్టుకున్నాడు. తర్వాత కబురు పెట్టాడు, ఇంగ్లీషు కారుకు డ్రైవరు కావాలని, కార్ఖానా వెనక రేకుల గది ఖాళీగా ఉందని. పెదనాన్న మూడు నెలలు రానన్నాడు. అద్దె ఇంటివాడు సామాను వీధిలో పడేసిన రోజున ఒప్పుకున్నాడు.

గిన్నెలు మోసుకెళ్ళింది నేనే. పెద్దమ్మ పొయ్యి రాజేస్తూ, “ఓలమ్మ! గోరుముద్దలెట్టి పెంచినాను గదే! నీ సెయ్యి పడిపోనురా సూరిగా! నీ కొంప...” అని మొదలుపెట్టింది.

పెదనాన్న గబగబా లేచి తలుపు దగ్గరికి వేశాడు.

“ఒలే, నెమ్మదిగా అను” అన్నాడు. “ఇంటాడు.”